నైరుతి మూల తలుపు

పట్టుచీర కట్టుకుని బేస్‌మెంట్‌లో కూర్చున్నాను. బుధవారం పొద్దున, పండగా లేదు పబ్బమూ లేదు, అమెరికాలో మేముండే నేపర్‌విల్ నుంచి గంట దూరంలో ఉన్న ఈ పాత ఊళ్ళో, పేరుకి మాదైన ఈ ఖాళీ ఇంట్లో, కుచ్చిళ్ళ కింద స్నో బూట్లు వేసుకుని, మడత కుర్చీలో, దేవుడికి ఎదురుగా. పాపం దేవుడు కూడా తనంతట తాను రాలేదు. నిన్న సాయంత్రం దాకా మా ఇంట్లో వంటగది పక్కన ఈశాన్యంలో హాయిగా ఉన్న టేకు మందిరాన్ని మా ఆయన గోపాల్, వాడి ఆఫీసు స్నేహితుడు సృజన్ దుప్పట్లో చుట్టి, అద్దె వ్యాన్‌లో తెచ్చి, ఒకడు ముందూ ఒకడు వెనకా పట్టుకుని ఈ ఇరుకు మెట్ల మీంచి కిందికి దించి, ఈ మూల గోడకి ఆనించి పెట్టారు. దించేటప్పుడు శిఖరం పైకప్పుకి కొట్టుకుని ఒక అంచు విరిగింది. గోపాల్ ఆ ముక్కని జేబులో వేసుకుని, "గ్లూ పెడదాంలే" అన్నాడు. ఇంకో గంటలో సిటీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆయన కిందికి దిగేసరికి ఇక్కడ ఒక పూజ, ఒక పట్టుచీర, ఒక బొట్టు కనిపించాలట. "వాళ్ళు రెలిజియస్ థింగ్స్ ముట్టుకోరు వసూ, దట్స్ ద బ్యూటీ ఆఫ్ ఇట్" అన్నాడు మా ఆయన. బ్యూటీ అట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాలో కనపడనిది ఆయనకి దీంట్లో కనపడింది.

ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి గోపాల్ మెసేజ్. దీపం వెలిగించావా? వెలిగించాను మహానుభావా, మీట నొక్కి. అసలు దీపం పెడితే పొగ అలారం మోగుతుందని బ్యాటరీ దీపాలు కొనుక్కొచ్చాడు, అరడజను పెట్టె. అగరొత్తులు కూడా వద్దన్నాడు. పొగ వస్తే అలారం మోగాలని సిటీ వాళ్ళు పెట్టించిన అలారం, అది మోగకుండా ఉండాలని వీడు తెచ్చిన దీపం, మధ్యలో మెడలో ప్లాస్టిక్ దండతో వెంకటేశ్వరస్వామి. నాకు భక్తి పెద్దగా లేదు, ఉందని ఎప్పుడూ చెప్పుకోలేదు. అయినా ఆ మిణుకు మిణుకుమనే ప్లాస్టిక్ జ్యోతిని చూస్తే నాకే ఆయన ముందు తలెత్తుకోబుద్ధి కావడం లేదు. ఇంతకంటే అరడజను టార్చిలైట్లు నిలబెడితే నిజాయితీగా ఉండేది.

మందిరం వెనక ఏముందో నాకు తెలుసు, గోపాల్‌కి తెలుసు, ఈ ఇల్లు కొనబోతున్న రాజారావుగారికి తెలుసు. కొత్త గోడ. పోయిన నెల దాకా అది గోడ కాదు, తలుపు. తెరిస్తే బయట అయిదారు రాతిమెట్లు, మెట్లెక్కితే పెరడు. ఈ ఊళ్ళో పాత ఇల్లు చేతులు మారాలంటే ముందు సిటీ వాళ్ళు వచ్చి చూస్తారు, ఇది బాలేదు అది బాలేదు అని రాసిస్తారు. అవన్నీ బాగుచేయించి మళ్ళీ చూపించేదాకా, అయ్యే ఖర్చు కంటే ఎక్కువ డబ్బు ఎస్క్రోలో పెట్టమంటారు. అంటే మన డబ్బే, మన చేతికి అందకుండా, మధ్యవర్తి దగ్గర తాళం పడి కూర్చుంటుంది. మా ఆయన ఇల్లు కొనేటప్పుడు ఈ సంగతి విని, "ఫార్మాలిటీ" అన్నాడు. పాత ఇల్లు చవగ్గా కొని, రంగులు కొట్టి, ఎక్కువకి అమ్మడాన్ని ఫ్లిప్ అంటారు. దోసె తిరగేసినంత తేలిగ్గా అంటారు మావాళ్ళు ఆ మాట. శనివారం పార్టీల్లో ఒక్కొక్కడూ పకోడీ నములుతూ నేనిన్ని ఫ్లిప్ చేశాను, నువ్వెన్ని ఫ్లిప్ చేశావు అని. ఒక్కడికీ మేకు కొట్టడం రాదు. మా ఆయన డ్రిల్ మిషను కొన్న రోజు దాన్ని పట్టుకుని ఫొటో దిగి గ్రూపులో పెట్టాడు, ఆ తర్వాత అది పెట్టెలోంచి బయటికి రాలేదు. ఇల్లు మాత్రం నా పేరు మీద. ఆడవాళ్ళ పేరు మీద కొంటే కలిసొస్తుందట. ఎస్క్రోలో తాళం పడ్డది కూడా నా రిటైర్మెంట్ డబ్బే. కలిసొచ్చేది ఎవరికో మరి.

ఆ సిటీ వాళ్ళు మాత్రం ఏమన్నా తక్కువ తిన్నారా. మొదటిసారి వచ్చినప్పుడు ఈ ఇన్‌స్పెక్టర్ గ్యారేజీ తలుపు మీద పెచ్చులూడిన రంగు ముందు నిలబడి అటునుంచి ఒక ఫొటో, ఇటునుంచి ఒక ఫొటో, దగ్గర్నుంచి ఒక ఫొటో, పెళ్ళికూతురికి తీసినట్టు తీశాడు. వాకిట్లో పేవ్‌మెంట్ పగులు, చిమ్నీ మీద ఇటుక, మెట్ల పక్కన కమ్మీ ఎత్తు. పక్కింటి వాళ్ళ గ్యారేజీ కప్పు కుంగిపోయి ఉంది, దాన్ని కన్నెత్తి చూడలేదు, అది అమ్మకానికి లేదు కదా. ఇల్లు అమ్మినప్పుడే కూలుతుందన్నట్టు, అమ్మకపోతే ఎన్నేళ్ళయినా నిలబడుతుందన్నట్టు. వాటన్నింటి మధ్యలో ఒకే ఒక్క పనికొచ్చే ముక్క రాశాడు. బేస్‌మెంట్ నుంచి బయటికి వెళ్ళే తలుపు బిగుసుకుపోయింది, బయటి మెట్లు పాడయ్యాయి, రెండూ బాగుచేయండి. మిగతావన్నీ గోపాల్ చేయించాడు, అది చాలని నేనూ అనుకున్నాను. ఈ తలుపు దగ్గరికి వచ్చేసరికి రాజారావుగారు దిగారు.

రాజారావుగారికి యూనివర్సిటీ చుట్టుపక్కల చాలా ఇళ్ళున్నాయి. అన్నింట్లో మన పిల్లలే, మాస్టర్స్ చదవడానికి వచ్చినవాళ్ళు. గదికి ఇద్దరు, బేస్‌మెంట్‌కి ఆరుగురు. "మన పిల్లలకి మనం కాకపోతే ఎవరు చూస్తారమ్మా" అంటాడు, అద్దె వసూలు చేస్తూనే. ఆయన ఈ బేస్‌మెంట్‌లోకి దిగి, ఫోన్‌లో దిక్సూచి తెరిచి, రాజమండ్రిలో ఉన్న సిద్ధాంతిగారికి వీడియో కాల్ చేశాడు. అక్కడ అర్ధరాత్రి దాటింది, పాపం ఆయన బనీనుతో లేచి కూర్చుని, ఫోన్‌ని అటు తిప్పండి ఇటు తిప్పండి అని, చివరికి తేల్చాడు. నైరుతిలో ద్వారం ఉండరాదు, నైరుతిలో బరువుండాలి. అంతే. రాజారావుగారు ఫోన్ జేబులో పెట్టుకుని, "తలుపు మూయించెయ్ గోపాల్, లేకపోతే నేను కొనను" అన్నాడు. నేనుండబట్టలేక, మీరిక్కడ ఉండరు కదండీ, ఉండేది పిల్లలు కదా అన్నాను. ఆయన నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు నవ్వి, "దోషం ఓనర్‌కి కదమ్మా తగిలేది" అన్నాడు. దోషం ఓనరుకి తగులుతుంది. పొగ ఎవరికి తగులుతుందో సిద్ధాంతిగారు చెప్పలేదు, ఈయనా అడగలేదు.

సరే, సిటీ వాళ్ళు తలుపు బాగుచేయమన్నారు కదా, మూయమనలేదు కదా అని నేనంటే మా ఆయన మొహం వెలిగిపోయింది. "తలుపే లేకపోతే తలుపు వయొలేషన్ ఎక్కడుంటుంది?" అన్నాడు. పెద్ద చదువులు చదివి, ముప్ఫై మందికి మేనేజరై, స్క్రీన్ మీద డబ్బాలు గీసి అమెరికా వాళ్ళకి పని ఎలా చెయ్యాలో చెప్పే మనిషి అన్న మాట అది. ఒక్క రోజులో తలుపు ఊడదీయించి, కట్టెలు బిగించి, మీద డ్రైవాల్ పలకలు కొట్టించి, బయట మెట్ల గుంతలో మట్టి పోయించాడు. ఆ తర్వాత భయం పట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ దగ్గర ఫొటో ఉంటుందేమో. అప్పుడు ఈ మందిరం ఆలోచన. ఇంతాచేసి ఏ వాస్తులోనూ దేవుణ్ణి నైరుతిలో పెట్టరు. అది రాజారావుగారికి తెలియదా? గుర్తుచేస్తే, "ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకే కదమ్మా" అన్నాడు. ఛీ. నమ్మకమైనా పూర్తిగా ఉండాలి, లేకపోతే అసలుండకూడదు. వీళ్ళ నమ్మకం కూడా అద్దె వ్యాన్‌లాంటిదే, పని అయిపోగానే తిరిగిచ్చేస్తారు.

చల్లగా ఉంది. హీటర్ తిరుగుతోంది, ఆ చప్పుడు, ఆ తడి సిమెంటు వాసన. ఎన్ని రంగులు కొట్టినా ఈ వాసన పోదు. ఈ దేశం నాకు మొట్టమొదట ఈ వాసనతోనే పరిచయమైంది. మాస్టర్స్ చదవడానికి వచ్చినప్పుడు ఇలాంటి బేస్‌మెంట్‌లోనే అయిదుగురం అమ్మాయిలం, నేలమీద పరుపులు, ఫ్రిజ్ పైన చేతి రుమాలంత కిటికీ. పైకి వెళ్ళే మెట్ల కిందే పొయ్యి. ఇక్కడా అంతే, మెట్ల మొదట్లోనే రాజారావుగారు కరెంటు పొయ్యికి చోటు చూసుకున్నాడు. ఒకరోజు పొద్దున మాలో రష్మి పోపుకని నూనె పెట్టి ఫోన్ ఎత్తింది, వాళ్ళమ్మ. నూనె అంటుకుంది. ఎవరో నీళ్ళు పోశారు. ఎవరో ఏమిటి, నేనే పోశాను, కాలేజీలో ఫస్ట్ ర్యాంకు వచ్చినదాన్ని. మంట పైకప్పుకి లేచింది, మెట్లు కనపడలేదు, నల్లటి పొగ, గొంతులో కారం పోసినట్టు. అప్పుడు రష్మి వెనక తలుపు దగ్గర చలికి మేం కుక్కిన దుప్పట్లు లాగి పారేసి, భుజంతో గుద్ది గుద్ది తెరిచింది. మేం నైటీలతో మంచులో నిలబడి నవ్వాం, పిచ్చిగా, ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని. పక్కింటి ముసలాయన కోటు తెచ్చి ఇచ్చాడు, ఒక్కటే కోటు, అయిదుగురికి. ఆ తలుపు ఏ మూలనుందో నాకు ఇవాళ్టికీ తెలియదు. తూర్పో పడమరో ఎవరు చూశారు. తెరుచుకుంది, అంతే.

పైన తలుపు చప్పుడైంది. వచ్చాడా అప్పుడే? చీర సర్దుకున్నాను, ఎందుకు సర్దుకున్నానో. మెట్ల మీద ఇన్‌స్పెక్టర్ బరువు బూట్లు కాదు, తేలికపాటి అడుగులు. ఒక అమ్మాయి. పెద్ద జాకెట్, వీపున బ్యాగు, చేతిలో ఫోను.

"నమస్తే ఆంటీ. నా పేరు దేదీప్య. రాజారావు అంకుల్ పంపిండ్రు. ఫ్రైడే నుంచి ఈడ షిఫ్ట్ అయితున్న. రూమ్ ఒకసారి చూసుకుంటనని అడిగితే, ఓపెనే ఉంటది పో అన్నరు."

ఇల్లు ఇంకా ఆయనది కాలేదు, అప్పుడే పరుపులు పంచేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది, ఆ అమ్మాయి మీద కూడా. జుట్టుకి రంగు, చెవుల్లో తెల్లటి ఇయర్‌ఫోన్ పుల్లలు, చేతిలో ఐస్ కాఫీ, ఈ చలిలో. చూసుకోమన్నాను. తను చుట్టూ తిరిగింది, తెరుచుకోని కిటికీ గాజు దిమ్మల మీద వేలితో కొట్టి చూసింది, గోడ పొడుగు చేత్తో కొలుచుకుంది, తిరిగి తిరిగి మందిరం దగ్గర ఆగింది. బూట్లు విడిచి దణ్ణం పెట్టుకుంది. తర్వాత ఫోన్‌లో ఏదో ఫొటో తెరిచి, దాన్నీ మందిరాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఆంటీ, అంకుల్ పంపిన ఫొటోల ఈడ డోర్ ఉండె. నేను ఈ కార్నరే అడిగిన, డోర్ పక్కకని. ఇప్పుడు దేవుడున్నడు. డోర్ ఏదీ?"

ఏం చెప్పాలి? దండ సర్దుతున్నట్టు మందిరం వైపు తిరిగాను. లోపల ఇందాకటి నుంచీ అందరినీ చెడామడా కడిగేస్తున్న నోరే ఇది. అంతలో తన ఫోన్ మోగింది, వీడియో కాల్, అమ్మ అని. తను ఫోన్ ఎత్తి గది చుట్టూ తిప్పింది. అవతల ఎవరో ఆవిడ, చీకటి పడ్డట్టుంది అక్కడ, వెనక ట్యూబ్‌లైటు, చేతిలో సగం వలిచిన వెల్లుల్లి. గచ్చు, గోడలు, హీటరు, అన్నీ చూసింది, మొహం ముడుచుకుని. తర్వాత ఫోన్ మందిరం మీదికి వచ్చింది.

"అగో, దేవుడున్నడు!" అంది ఆవిడ. ఆ మొహంలో ముడతలన్నీ విచ్చుకున్నాయి. "ఇగ నాకు ఫికర్ లేదు బిడ్డా. దీపం సుత వెడుతున్నరు. మంచోళ్ళ ఇల్లు. పక్కన ఆ మేడమ్ ఎవరు? నమస్తే మేడమ్, మా పిల్లను జర చూసుకోండ్రి."

నేను నమస్కారం పెట్టాను. చేతులెత్తి, పట్టుచీరలో, బ్యాటరీ దీపం పక్కన. మంచోళ్ళ ఇల్లు. ఇన్నాళ్ళూ నేను గోపాల్‌ని చూసి నవ్వుకున్నాను, రాజారావుని చీదరించుకున్నాను, సిద్ధాంతిని, సిటీని, పకోడీల బ్యాచ్‌ని అందరినీ గడ్డిపరకల్లా తీసిపారేశాను, వాళ్ళ పనిలో నాకేం భాగం లేనట్టు, మెట్ల మీద కూర్చుని నాటకం చూస్తున్నట్టు. నాటకంలో ఉన్నది నేనే. పట్టుచీర వేషం నాదే. ఆ వెల్లుల్లి చేతుల ఆవిడ నమ్మింది నన్ను చూసి.

ఈసారి బరువు బూట్లే. ఇన్‌స్పెక్టర్ సగం మెట్లు దిగి ఆగిపోయాడు. టోపీ తీశాడు. పై అంతస్తు అంతా చూశానని, అన్నీ బాగున్నాయని, గ్యారేజీ రంగు మరీ బాగుందని చెప్పాడు. రంగు! తర్వాత మందిరం వంక ఒకసారి చూసి, చూడకూడనిది చూసినట్టు చూపు తిప్పుకున్నాడు. చేతిలో టాబ్లెట్ ఉంది, అందులో ఆ తలుపు ఫొటో కూడా ఉండే ఉంటుంది, ఒక్కసారి వేలితో పక్కకి జరిపితే చాలు.

"మీ ప్రార్థనకి అడ్డు రాను మేడమ్" అన్నాడు మెల్లగా. "ఇతర మతాలవాళ్ళని నొప్పించకూడదని మా ఆఫీసులో సెన్సిటివిటీ ట్రైనింగ్ అయింది. ఇక్కడి నుంచే చూసేస్తాను. ఇక్కడేదో డోర్ ఐటమ్ ఉన్నట్టుంది, అది కూడా అయిపోయిందనుకుంటాను కదా?"

గోపాల్ గెలిచాడు. అక్షరాలా వాడు చెప్పినట్టే. గ్యారేజీ తలుపు రంగుకి అన్ని ఫొటోలు తీసిన మనిషి, ఆరుగురు పడుకోబోయే చోట నాలుగు మెట్లు దిగడానికి మొహమాటపడుతున్నాడు. అవునండీ అంటే చాలు. ఒక్క మాట. ఎస్క్రో తాళం ఊడుతుంది, నా డబ్బు నాకొస్తుంది, గురువారం ముహూర్తానికి రాజారావు సంతకం పెడతాడు, మా ఆయన శనివారం పార్టీలో ఈ కథ చెప్పి అందరినీ నవ్విస్తాడు, నా తెలివిని కూడా మెచ్చుకుంటాడు. దేదీప్య నా పక్కనే నిలబడి ఉంది. ఐస్ కాఫీలో ముక్కలు గలగలమన్నాయి. చేతిలో ఫోను, అందులో ఆ ఫొటో, తలుపున్న ఫొటో.

"కిందికి దిగండి" అన్నాను. "ఇక్కడ జరుగుతున్నది ప్రార్థన కాదు. ఈ మందిరం వెనక ఒక తలుపుండేది. మూసేశాం. పట్టండి, జరుపుదాం."

ఆయన నన్నూ మందిరాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఆర్ యూ ష్యూర్, మేడమ్? ఇది చూస్తే నేను పాస్ చెయ్యలేను. మీ డబ్బు ఇంకా..." అని ఆగాడు. తెలుసన్నాను. దేదీప్య కాఫీ కింద పెట్టి, స్వామిని, అమ్మవారిని ఒక్కొక్కరినే తీసి, జాకెట్ విప్పి నేలమీద పరిచి దాని మీద పెట్టింది. దీపాలు నేను మీట నొక్కి ఆర్పాను. ముగ్గురం పట్టి మందిరాన్ని జరిపాం. చాలా బరువుంది, గోపాల్, సృజన్ అంత కష్టపడి ఎందుకు మోసుకొచ్చారో అనిపించింది. వెనక తెల్లటి గోడ, రంగు కూడా వేయలేదు, మేకుల తలలు కనిపిస్తున్నాయి. దేదీప్య వెళ్ళి అరచేయి ఆనించి తోసింది, ఒకసారి, ఇంకోసారి, తలుపుని తోసినట్టే.

ఇన్‌స్పెక్టర్ టాబ్లెట్‌లో ఏదో రాసుకున్నాడు, తలుపు తిరిగి పెట్టించేదాకా బేస్‌మెంట్‌లో ఎవరూ పడుకోకూడదన్నాడు, నన్ను సంతకం చేయమన్నాడు. చేశాను. ఇల్లు నా పేరు మీదే కదా, కలిసొస్తుందని. మెట్లెక్కి వెళ్తూ టోపీ పెట్టుకున్నాడు. నా ఫోన్ మళ్ళీ మోగింది. గోపాల్. పాస్? పక్కన చేతులు జోడించిన బొమ్మ ఒకటి. లేదు, వచ్చేటప్పుడు ఆ డ్రిల్ మిషను పట్టుకురా, ఇవాళైనా పెట్టె తెరుద్దాం అని రాశాను. వెంటనే కాల్ వచ్చింది. ఎత్తలేదు.

దేదీప్య దేవుళ్ళ పక్కన నేలమీద కూర్చుని ఉంది. జాకెట్ లేక వణుకుతోంది. శుక్రవారం ఎక్కడికి వెళ్ళాలో ఆలోచించుకుంటోందేమో. మా ఇంట్లో పైన ఒక గది ఖాళీగా ఉంది, దానికి పెద్ద కిటికీ ఉంది, ఆ మాట తర్వాత చెబుతాను. ముందు చెయ్యాల్సింది వేరే ఉంది.

"మీ అమ్మకి మళ్ళీ ఫోన్ చెయ్యమ్మా" అన్నాను. "దేవుడి వెనక ఏముందో చూపించు. నన్ను కూడా చూపించు."